గంప దించనివ్వని ఊరు

నా చిన్నప్పుడు మా ఊరి అంగడిలో ఎవరి గంప ఎప్పుడు నేల మీదికి దిగాలో చెప్పే పెత్తనం మా తాతది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఉతికిన ధోవతి కట్టుకుని, చేతికర్ర పట్టుకుని అంగడి మొదట్లో నిలబడేవాడు. మా ఊరివాళ్లు ఆయన పక్కనుంచే లోపలికి పోయి ఎవరి జాగాలో వాళ్లు కూర్చునేవాళ్లు. పక్క ఊళ్ల నుంచి కూరగాయలు మోసుకొచ్చినవాళ్లు మాత్రం అంచున ఆగిపోవాలి. ఊరివాళ్ల సరుకు సగం దాకా అమ్ముడుపోయిందని తోచాక తాత కర్ర పైకెత్తి ఊపుతాడు. పైఊరివాళ్లు గంపలు దించుకోవాల్సింది అప్పుడే. అంతదాకా నెత్తిన బరువుతో నిలబడాల్సిందే.

అంచున దించుకుని కూర్చుంటే ఏం పోయిందని మీకు అనిపించవచ్చు. గంప నేలకు తగిలిందంటే బేరం మొదలైనట్టే. ఎక్కడ గంప దిగితే అక్కడికి నలుగురు చేరతారు, ఎంత అని అడుగుతారు, ఒకరు కొంటే ఇంకొకరు కొంటారు. అందుకే దించడం మీదనే కట్టడి. పైగా నిండు గంపను ఎవరూ ఒంటరిగా దించుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడి, రెండో పక్క చెయ్యి వేసి, మెల్లగా కిందికి తేవాలి. తాత కర్ర ఊపేదాకా పైఊరివాళ్లకు ఆ చెయ్యి వేసేవాళ్లు మా ఊళ్లో ఉండేవాళ్లు కాదు.

ఈ ఖాయిదా ఊరికే పుట్టలేదు. నేను పుట్టకముందు ఒక కరువు ఏట పైఊళ్లవాళ్లు చవగ్గా తెచ్చి అమ్మితే, మా ఊరివాళ్ల కూరగాయలు గంపల్లోనే కుళ్లిపోయాయట. ఇళ్లలో పొయ్యి వెలగలేదట. పెద్దమనుషులు కూర్చుని, ముందు మనవాళ్లు, ఆ తర్వాతే ఎవరైనా అని తీర్మానం చేశారు. ఆ ఏటికి అది న్యాయమే, నేను కాదనను. కరువు పోయింది గాని ఖాయిదా పోలేదు.

ఇప్పుడు పట్నంలో కలిసిపోయిన ఈ చోట ఆ రోజుల్లో గాజు మేడలు లేవు, ఫ్లైఓవర్లు లేవు. పెద్దపెద్ద బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, మధ్యమధ్య జొన్నచేలు, అంతే. లింగంపల్లి స్టేషన్లో రైలు దిగినవాళ్లు మా ఊరికి రెండు గంటలు నడిచి వచ్చేవాళ్లు. మా ఊరి పేరు నేను చెప్పను, చెప్పినా తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడది దస్తావేజుల్లో సర్వే నంబరు పక్కన మాత్రమే కనిపిస్తుంది. పక్క ఊరి పేరు చెబితే క్యాబు నడిపేవాడు ఫోను కూడా చూడకుండా తీసుకుపోతాడు. అందుకని ఆ పేరూ చెప్పను.

రెండు ఊళ్ల మధ్య నడిస్తే గంట కూడా పట్టదు. రెండింటిదీ ఒకే మన్ను, ఒకే వాన, కొలిచే పోచమ్మ కూడా ఒకతే. వాళ్ల అంగడి బుధవారం. మా అంగడి ముందు అదొక అంగడేనా అని నవ్వుకునేవాళ్లం. అయితే నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ నవ్వు తగ్గింది. మాది పలచబడుతోంది, వాళ్లది చిక్కబడుతోంది. ఎందుకని మా ఊళ్లో ఒకటే చర్చ. వాళ్ల బావుల్లో నీళ్లు తీపి అని ఒకరు, వాళ్లవాడొకడు తాలూకా ఆఫీసులో గుమాస్తా అని ఇంకొకరు, ఎవరో చేతబడి చేయించారని మూడోవారు. చివరికి పోచమ్మకు మేకను కోశారు. ఆ మేకకు తప్ప ఎవరికీ ఏ మార్పూ రాలేదు.

పైఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఒకామె మాకు బాగా ఇష్టం. పక్క ఊరామె. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆకుకూరలు తెచ్చేది. పొలం నుంచి తెంపి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మెంతికూర, తోటకూర, కొత్తిమీర. పిల్లలెవరు కనబడ్డా ఒక కొత్తిమీర రెబ్బ తుంచి చేతిలో పెట్టేది. మేం దాన్ని నలిపి వాసన చూసుకుంటూ అంగడంతా తిరిగేవాళ్లం. అందరం ఆమెను కొత్తిమీర చిన్నమ్మ అనేవాళ్లం. అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం తాతకు జ్వరం వచ్చింది. లేచి నిలబడబోయి మంచం మీదనే కూలబడ్డాడు. మా నాయన ఎడ్లను కొనడానికి ఊరికి పోయి ఉన్నాడు. తాత అటూ ఇటూ చూసి, నన్ను పిలిచి కర్ర చేతిలో పెట్టాడు. 'జరసేపు నిలవడు బిడ్డా. ఎండ మోకాలి మీదికొచ్చినంక ఊపు' అన్నాడు. అంచున పాతిన రాయి మీద తాత నిలబడితే ఎండ ఎప్పుడు ఎక్కడికి వస్తుందో ఆయనకు లెక్క ఉండేది. నేను పొట్టిదాన్ని, నా మోకాలి లెక్క వేరని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. అయినా అసలు తప్పు అది కాదు.

కర్ర నాకన్నా పొడవు. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడితే మా ఊరి ఆడవాళ్లు పకపకా నవ్వారు. 'పటేలమ్మ వచ్చిందే' అని ఒకామె దండం పెట్టింది. నాకు ఒళ్లు పొంగిపోయింది. అప్పుడు వచ్చింది కొత్తిమీర చిన్నమ్మ, గంప నిండా పచ్చగా, తడిగుడ్డ నీళ్లు చెంపల మీదికి కారుతూ. అంచున ఆగకుండా తిన్నగా నా దాకా వచ్చింది.

'తాత ఏడి బిడ్డా?' అని అడిగింది. జ్వరమని చెప్పాను. 'అయ్యో. సరే, జర చెయ్యి వెయ్యి. కొత్తిమీర వాడుతది' అంది, తల కొంచెం వంచుతూ.

నేను కదలలేదు. మావాళ్లవి అమ్ముడుపోలేదు, ఆగాలి అన్నాను. ఆమెకు అర్థం కానట్టు చూసింది. 'నాకు తాత దించనిస్తడు గదా బిడ్డా' అంది. నాకు ఆ సంగతి తెలియదు. తెలియనిది అబద్ధం అనుకునే వయసు నాది. 'ఖాయిదా అంటే ఖాయిదే' అన్నాను, తాత గొంతు తెచ్చుకుని. వెనకనుంచి ఎవరో, తాత కన్నా పోరే గట్టిదని మెచ్చుకున్నారు. ఇక నన్నెవరు పట్టగలరు! కర్రను అడ్డంగా చాచాను.

ఆమె నిలబడింది. మిగతా పైఊరివాళ్ల వరసలో, ఎండలో నిలబడింది. మొదట్లో గంప మీది గుడ్డను చేత్తో సవరించుకుంది. కొంతసేపటికి ఆ చెయ్యి కూడా దిగింది. చెంపల మీద కారే నీళ్లు ఆగిపోయాయి, అంటే గుడ్డ ఆరిపోయింది. నేను నా మోకాలి వంక చూసుకుంటూ ఉన్నాను. ఎప్పుడో ఒకసారి తలెత్తి చూస్తే గంప అంచులనుంచి మెంతికూర వేలాడుతోంది. ఆమె నా వంక చూడటం లేదు.

ఆ తర్వాత ఆమె వెనక్కి తిరిగింది. గంప దించలేదు. నెత్తిన పెట్టుకునే వచ్చిన దారిన నడిచిపోయింది. ఆమె పోవడం చూసి వంకాయలు తెచ్చిన ముసలాయన తిరిగాడు, ఇంకో ఇద్దరు తిరిగారు. నేను కర్ర ఊపేసరికి అంచున ఐదారుగురే మిగిలారు. గెలిచినట్టు అనిపించింది నాకు. ఇంటికి పోయి తాతకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. తాత విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరం వల్ల అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. జ్వరం తగ్గిన తాత ఎప్పటిలాగే ధోవతి కట్టుకుని నిలబడ్డాడు గాని, కర్ర ఎత్తి ఊపడానికి ఎదురుగా మనుషులు తగ్గిపోయారు. ఆకుకూరలు దొరకవని తెలిసి కొనేవాళ్లు తగ్గారు. కొనేవాళ్లు తగ్గేసరికి గాజులవాడు బుధవారానికి మారిపోయాడు. గాజులవాడు లేని అంగడికి ఆడపిల్లలెందుకు వస్తారు? మా నాయనమ్మ బావి పక్కన రెండు మళ్లు కూరగాయలు పండించేది. ఇంటికి ఉప్పూ పప్పూ ఆ మళ్లమీదనే వచ్చేవి. సాయంత్రానికి ఆమె గంప సగం నిండుగానే ఇంటికి తిరిగి వస్తోంది. ముందు మనవాళ్లు అని పెట్టుకున్న ఖాయిదా, మనవాళ్ల గంపనే దించనివ్వకుండా చేసింది.

ఒక బుధవారం తెల్లవారగానే నాయనమ్మ నన్ను లేపింది. పెద్ద గంప తను ఎత్తుకుని, చిన్న గంపలో మెంతికూర, కొత్తిమీర సర్ది, తడిగుడ్డ కప్పి, చుట్టబట్ట పెట్టి నా నెత్తిన ఎత్తింది. ఎక్కడికని అడిగితే పక్క ఊరి అంగడికి అంది. దారిపొడవునా, బండరాళ్ల మధ్య నడుస్తూ, ఇవాళ అక్కడ నన్నెవరు ఆపుతారో, ఎంతసేపు నిలబెడతారో అనే ఆలోచనే. ఆమె కనబడితే ఏమంటుందో అనేది ఇంకో భయం. అడుగడుక్కీ గంప బరువెక్కుతున్నట్టే ఉంది.

అంగడి అంచుకు చేరగానే నాయనమ్మ ఆగింది. 'నువ్వీడ్నే నిలవడు. నేను పసుపు కొనుక్కొని వస్త' అని గంపతో సహా జనంలో కలిసిపోయింది. నా గంప దించలేదు. దించమని నేను అడిగేలోపే పోయింది. వాళ్ల అంచున రాయీ లేదు, కర్ర పట్టుకున్న మనిషీ లేడు. అయినా నా కాళ్లు లోపలికి పోలేదు. ఎవరూ ఊపని కర్రకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

మెడ ముందుగా తెలిసింది. నెత్తిన బరువున్నప్పుడు తల తిప్పలేం, ఎదురుగా ఉన్నదే చూడాలి, మన పక్కన ఎవరున్నారో తెలియదు. గుడ్డ నీళ్లు కంట్లోకి కారితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. దాటిపోయే ప్రతి మనిషినీ 'జర చెయ్యి వేయండి' అని అడగాలనుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఆగిపోయింది. కాదంటే? ఆగమంటే? చిన్నమ్మ ఆ మాటను నన్ను ఎంత తేలిగ్గా అడిగిందో, తల ఎట్లా వంచిందో అప్పుడు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం సిగ్గని పళ్లు బిగించాను.

దువ్వెనలు, పిన్నులు అమ్ముకునే ఒక ముసలాయన అటునుంచి పోతున్నాడు. పక్కవాడితో ఏదో మాట్లాడుతూనే నా ముందు ఆగాడు, గంపకు రెండో పక్క చెయ్యి వేశాడు, వంగి నేల మీద పెట్టాడు, మాట ఆపకుండానే వెళ్లిపోయాడు. నా మొహం కూడా చూడలేదు. ఏ ఊరిదానివని అడగలేదు. దయతలచి చేసినట్టు లేదు. దారిలో ముల్లు కనబడితే పక్కకు తీసేసినట్టు చేశాడు. నేను తర్వాత ఎన్నో బుధవారాలు అక్కడికి పోయాను. ఆ ఊళ్లో అందరూ అంతే. నెత్తిన గంపతో మనిషి ఆగితే, ఎవరు దగ్గరుంటే వాళ్ల చెయ్యి లేచేది.

గంప దిగాక తల తిప్పగలిగాను. రెండు బారల దూరంలో కొత్తిమీర చిన్నమ్మ కూర్చుని ఉంది.

ఆమె నన్ను అప్పటికే చూసింది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. లేచి వచ్చి నా గంప మీది గుడ్డ తీసింది. మెంతికూర వాడు ముఖం పట్టింది. తన చెంబులో నీళ్లు తెచ్చి, వేళ్లతో ఆకుల మీద చల్లింది. కట్టలను అటూ ఇటూ తిప్పి మళ్లీ చల్లింది. 'నీ మీద నాకు కోపమే పోరీ. ఆకేం జేసింది' అంది. తన గోనెపట్టా కొంచెం పక్కకు లాక్కుని నీడలో నాకు చోటు చేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కొత్తిమీర రెబ్బ ఇవ్వలేదు.

నాయనమ్మ వచ్చేసరికి నా గంప ఖాళీ అయింది. తిరుగుదారిలో, నన్ను కావాలనే వదిలేశావా అని అడిగాను. ఆమె నడుస్తూనే ఉంది. నా వల్లనే మన అంగడి పాడైందా అని అడిగితే మాత్రం ఆగింది. 'నీ ఒక్కదానితోని ఊరు పాడుగాదు బిడ్డా. గాని నీ పాలు నీకున్నది' అంది. ఊరడింపు కోసం అబద్ధం చెప్పే మనిషి కాదు మా నాయనమ్మ.

ఆ సాయంత్రం తాత దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆకుకూర వాడుతుందని తాత ఆమె గంపను ఎప్పుడూ ఆపలేదు. ఆమె వచ్చే వేళకు చుట్ట వెలిగించుకునే నెపంతో అటు తిరిగేవాడు. గర్భంతో ఉన్నవాళ్లు వచ్చినా, ముసలివాళ్లు వచ్చినా ఆయనకు చుట్ట వెలిగించుకోవాలని అనిపించేది. ఎవరో ఒకరు చెయ్యి వేసి దించేవాళ్లు, ఊరు చూసీ చూడనట్టు ఊరుకునేది. 'ఇన్నేండ్లు నేను కండ్లు మూసుకొని నడిపిన అంగడిని, నువ్వు ఒక్క పూట కండ్లు తెరిచి నడిపినవ్' అన్నాడు. కోప్పడలేదు. తప్పు నాది కాదన్నట్టూ లేదు. 'ఖాయిదా చెప్పిన, ఎప్పుడు మరువాల్నో చెప్పలే. గది నా తప్పు' అన్నాడు.

తాత పెద్దమనుషుల దగ్గరికి పోయి ఖాయిదా తీసేద్దామన్నాడు. మన ఊరి అంగడి, మన ఖాయిదా, ఇష్టముంటే రానీ లేకుంటే పోనీ అన్నారు వాళ్లు. పోయేవాళ్లు పోతూనే ఉన్నారని తాత అంటే, ముసలోడికి జ్వరం దిగలేదని నవ్వారు. ఎన్నడూ పక్క ఊరి గడప తొక్కని మనిషి, ఒక రోజు ఒక్కడే చిన్నమ్మ ఇంటికి పోయాడు. ఆమె మంచం వాల్చి, చల్ల ఇచ్చి, ఆయన చెప్పిందంతా విన్నదట. 'మీ మీద కోపం లేదు తాతా. గాని నా కాళ్లు అటు తిరుగుతలేవు' అన్నదట. తాత చల్ల తాగి తిరిగి వచ్చాడు.

మిగతాది ఎవరూ ఆపలేని వరసన జరిగిపోయింది. గంపలు ఎక్కువున్న చోటికి పట్నం నుంచి కూరగాయల లారీ వచ్చింది. లారీ కోసం కంకర రోడ్డు పడింది. రోడ్డుందని బస్సు, బస్సుందని బడి, బడి పక్కన దవాఖాన. చాలా ఏళ్ల తర్వాత పట్నమే ఇటు నడుచుకుంటూ వచ్చినప్పుడు, ఉన్న రోడ్డు మీదనే వచ్చింది. రోడ్డును అటెందుకు తిప్పారని మా ఊరివాళ్లు ఆఫీసర్లను ఇప్పటికీ తిడతారు. ఆఫీసర్ల తప్పులు వాళ్లకుంటాయి, నేను వెనకేసుకు రాను. కాని మా అంగడి ఆగిపోయినప్పుడు ఇక్కడ ఆఫీసర్లు ఎవరూ లేరు. నాయనమ్మ మాత్రం మోకాళ్లు అరిగిపోయేదాకా ప్రతి బుధవారం గంపెత్తుకుని పక్క ఊరికి నడిచింది. నడవలేని రోజు వచ్చాక ఆ రెండు మళ్లూ ఎండిపోయాయి. మా కుటుంబం చందానగర్లో కిరాయి ఇంటికి మారింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కొండాపూర్‌లో మా అబ్బాయి కొనుక్కున్న ఫ్లాట్లో, తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాను. ఆదివారాలు మా అబ్బాయి స్నేహితులు వస్తారు, అందరూ ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చి ఐటీ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. 'మా టౌనుకి కూడా ఒక్క ఐటీ పార్కు ఇచ్చుంటే ఎక్కడికో వెళ్లిపోయేదండీ' అని ఒకతను ప్రతిసారీ బాధపడతాడు. పాలసీలు, ఎయిర్‌పోర్టులు అని ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకుంటారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, ఆ లెక్కలు నాకు తెలియవు. నేను టీ కప్పులు తీసుకుపోతూ వింటాను.

మా మేడకు ఇస్త్రీ బట్టలు తెచ్చే ఒకమ్మాయి ఉంది. పెద్ద మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతుంది. ఆమెది దూరపు జిల్లాలో ఒక చిన్న టౌను. ఒకసారి కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే చెప్పింది. 'మా ఊరికి పది మైళ్ల దూరంల ఇంకో టౌనుందమ్మా. ఆడ దుకాన్లు, పనులు అన్నీ ఉన్నయి. మాకాడ ఒక్కొక్కటి మూతబడ్డయి. ఎందుకో మరి, తెల్వది' అంది. నాకు తెలిసింది చెబుదామనుకున్నాను. ఏం చెప్పను? ఊరు ఎందుకు పాడైందో తెలిస్తే ఆమె మూట బరువు తగ్గుతుందా?

మొన్నామధ్య నా మనవరాలు బడి నుంచి వచ్చింది, నేను కిందికి పోయి తీసుకొస్తున్నాను. దానికి తొమ్మిదేళ్లు. మేం లిఫ్ట్ ఎక్కాం. ఇస్త్రీ అమ్మాయి మూటతో మా వెనకాలే ఎక్కబోయింది. మా దగ్గర పనివాళ్లకు వెనకాల వేరే లిఫ్ట్ ఉంది, అది రెండు రోజులుగా పాడై ఉంది. మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది. 'ఆంటీ, మీరు ఇందులో ఎక్కకూడదు. సర్వీస్ లిఫ్ట్‌లో రావాలి' అంది. 'అది ఖరాబైంది పాపా. వాచ్‌మన్ అన్న ఇండ్ల పొమ్మన్నడు' అంది ఆమె. 'కానీ రూల్ ఉంది కదా' అంది నా మనవరాలు. దాని గొంతులో పొగరు లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేను నోరు తెరిచేలోపు ఇస్త్రీ అమ్మాయి సరే అని వెనక్కి అడుగేసింది, తలుపు మూసుకుంది. తొమ్మిది అంతస్తులూ ఆమె మెట్లెక్కి వచ్చింది. తలుపు తెరిచే బొత్తం ఎక్కడుందో నాకు తెలుసు. నొక్కలేదు. ఇన్నేళ్ల తర్వాత, ఇంత తెలిసి, నా చెయ్యి సమయానికి లేవలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రి మనవరాలికి మా అంగడి కథంతా చెప్పాను. అది బుద్ధిగా విన్నది. చిన్నమ్మ మళ్లీ వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. దాని మొహం చిన్నబోయింది. ఇస్త్రీ ఆంటీ కూడా రాదా అని అడిగి, చాలాసేపు నిద్రపోలేదు.

మర్నాడు బడికి సెలవు. పదింటికి బెల్లు మోగింది. ఆమే. సర్వీస్ లిఫ్ట్ ఇంకా బాగుకాలేదు, మెట్లెక్కే వచ్చింది. నుదుటి చెమట తుడుచుకుంటూ మనవరాలిని చూసి నవ్వింది కూడా. మనవరాలు సారీ చెప్పింది. 'గంత ఫికర్ ఎందుకు పాపా' అని ఆమె దాని బుగ్గ తట్టి, మూట ఎత్తుకుని పై అంతస్తుకు పోయింది. మనవరాలు ఎగిరి గంతేసి నా దగ్గరికొచ్చింది. 'చూశావా నానమ్మా, ఆంటీకి కోపం లేదు. మళ్లీ వచ్చింది' అంది.

చిన్నమ్మకు నచ్చకపోతే తిరిగిపోవడానికి సొంత ఊరుంది, అక్కడో అంగడి ఉంది. ఆమె రాకపోవడమే మా ఊరికి శిక్ష అయింది, బుద్ధి అయింది. ఈ అమ్మాయికి వెనక ఏమీ మిగల్లేదు. ఎన్ని ఊళ్లు ఎండితే అంతమంది ఇక్కడికే వస్తారు, ఏ గేటు దగ్గర నిలబెట్టినా నిలబడతారు, మర్నాడు మళ్లీ వస్తారు. ఈ చోటికి ఎవరు బుద్ధి చెబుతారు? మా నాయనమ్మకు నన్ను తీసుకుపోవడానికి ఒక పక్క ఊరుండేది. నా మనవరాలిని ఎక్కడికి తీసుకుపోవాలో నాకు తెలియడం లేదు.

దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ బుధవారం నుంచి నేను మోస్తున్నది మొదటిసారి మాటల్లో పెట్టి చెప్పాను. బరువుతో వచ్చిన మనిషి మళ్లీ వచ్చిందంటే, మనల్ని క్షమించిందని కాదమ్మా. ఇంకెక్కడికీ పోలేకపోయిందని.